పాత డిస్కుల వేగమెంత? గడువెంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండవ రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిన్నటి సభలో పాటలు విన్నాం, మాస్టార్ల జ్ఞాపకాలు విన్నాం. ఈ ఉదయం నాకిచ్చిన అంశం వాటికి సమ ఉజ్జీ కాదని నాకు తెలుసు. పాత కంప్యూటరు డిస్కుల్లోంచి సమాచారం ఎంత వేగంగా బయటికి వస్తుందన్నది అంశం. భోజనాల ముందు ఇదేం సబ్జెక్టు అనుకోకండి. మన సంఘం ఆస్తి కొంత ఈ లెక్కల మీదే ఆధారపడి ఉంది. అందుకే ఒప్పుకున్నాను.

ఈ సంచిక కోసం సంఘం బీరువా సర్దుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది. ముప్ఫై ఏళ్ళుగా కంప్యూటర్ల మరమ్మతు పనిలో ఉన్నాను గనక దాన్ని నాకు అప్పగించారు. అందులో నాలుగు రకాల వస్తువులున్నాయి. ఒకటి, 1989లో మన సభ్యుల చిరునామాలు మొదటిసారి ఎక్కించిన పీసీ ఎక్స్‌టీ తాలూకు 20 మెగాబైట్ల హార్డ్ డిస్కు. దాని కార్డూ పక్కనే ఉంది. ఆ పాత కంప్యూటరు కూడా అటక మీద దొరికింది. రెండు, రజతోత్సవ సంచిక పేజీలు దాచిన మూడున్నర అంగుళాల ఫ్లాపీలు, మొత్తం 48. మూడు, ఆ సంచిక కంపోజ్ చేసిన డీటీపీ సెంటరు వాళ్ళు దుకాణం ఎత్తేస్తూ మనకిచ్చిన 4.3 గిగాబైట్ల ఐడీఈ డిస్కు. నాలుగు, రజతోత్సవ ఫొటోలన్నీ స్కాన్ చేయించి రాయించిన ఒక సీడీ.

వీటిలో ఏది బాగా బతికి ఉంటుందో, ఏది చెయ్యిచ్చి ఉంటుందో మీరు ఒక అంచనా వేసుకోండి. ఫలితం తరువాత చెబుతాను.

మోటారు వేరు, పైపు వేరు

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. డిస్కు డబ్బా మీద అచ్చువేసే వేగం దేని వేగం?

బోరు మోటారు నీళ్ళు తోడుతుంది. పైపు వాటిని చేను దాకా మోస్తుంది. పైపు ఆరంగుళాలదే కావచ్చు. మోటారు రెండంగుళాల నీళ్ళే పోస్తుంటే చేనుకు అందేవి అవే. డిస్కులో తిరిగే పళ్ళెం మోటారు లాంటిది. డిస్కునీ కంప్యూటరునీ కలిపే తీగ, దాని కనెక్టరు, ఆ తీగ మీద రెండూ మాట్లాడుకునే పద్ధతి, ఈ మూడింటినీ కలిపి ఇంటర్‌ఫేస్ అంటాం. అది పైపు. ఒకప్పుడు డబ్బాల మీద కనిపించిన 33, 66, 100, 133 అన్న అంకెలన్నీ పైపు వెడల్పులే. మోటారు ఎంత తోడుతుందో డబ్బా మీద రాసేవారు కాదు.

రెండో సంగతి బిట్టుకీ బైటుకీ తేడా. 8 బిట్లు ఒక బైటు. తీగల వేగాన్ని ఎక్కువగా బిట్లలో చెబుతారు. డిస్కుల వేగాన్ని బైట్లలో చెబుతారు. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు అంటే ఎంతో పెద్దదిగా వినిపిస్తుంది. బైట్లలో అది 60. సాటా మొదటి తరం 1.5 గిగాబిట్లు. అక్కడ ఇంకో మెలిక ఉంది. ప్రతి 8 బిట్ల సమాచారాన్నీ 10 బిట్లుగా మార్చి పంపుతారు కాబట్టి పదితో భాగించాలి. వచ్చేది సెకనుకు 150 మెగాబైట్లు. ఈ రెండు భాగహారాలు వస్తే చాలు, మిగిలిన ప్రసంగం అంతా మన లెక్కల మాస్టారు చెప్పిన గుణకారాలే.

ఫ్లాపీ లెక్క

మూడున్నర అంగుళాల ఫ్లాపీ మీద 1.44 మెగాబైట్లు అని ఉంటుంది. ఆ అంకె చిత్రమైనది. అవి 1440 కిలోబైట్లు, ఒక్కో కిలోబైటుకు 1024 బైట్లు, మొత్తం 14,74,560 బైట్లు. మెగాబైటుకు పది లక్షల లెక్క వేసినా 1.44 రాదు, 1024ని 1024తో హెచ్చవేసినా రాదు. రెండు కొలతలూ కలిపి కుట్టిన చొక్కా అది.

ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. 18ని 512తో, దాన్ని 5తో గుణిస్తే సెకనుకు 46,080 బైట్లు. ఇంతకుమించి ఆ మోటారు తోడలేదు. ఒక పక్కన 80 చుట్లు, రెండు పక్కలా 160. చుట్టుకు సెకనులో ఐదోవంతు చొప్పున ఫ్లాపీ మొత్తం చదవడానికి 32 సెకన్లు. చదివే హెడ్డు ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు జరిగే సమయం కలుపుకుంటే నిమిషం దాకా పడుతుంది. ఐదుంపావు అంగుళాల 360 కిలోబైట్ల పాత ఫ్లాపీలో చుట్టుకు 9 సెక్టార్లే కాబట్టి వేగం ఇందులో సగం.

అంటే మన 48 ఫ్లాపీలూ ఆరోగ్యంగా ఉంటే గంటలోపు పని. అన్నీ కలిపి దాదాపు 71 మెగాబైట్లు. ఈ రోజు మీ ఫోనుతో తీసే పాతిక ఫొటోలు అంతకన్నా ఎక్కువ చోటు తింటాయి.

రంగులరాట్నం లెక్క

ఇప్పుడు ఎక్స్‌టీ డిస్కు సంగతి. 1980లో షుగార్ట్ టెక్నాలజీ అనే అమెరికా కంపెనీ ఎస్‌టీ-506 అన్న చిన్న హార్డ్ డిస్కు తెచ్చింది. దాని నిల్వ 5 మెగాబైట్లు. ఆ కంపెనీయే తరువాత సీగేట్ అయింది. ఆ డిస్కు పేరే దాని ఇంటర్‌ఫేస్‌కీ స్థిరపడింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చినప్పుడు వాడింది ఈ కుటుంబం ఇంటర్‌ఫేసే. మన పెట్టెలోని 20 మెగాబైట్ల డిస్కుదీ అదే వంశం.

దీని తీగ మీద వేగం సెకనుకు 5 మెగాబిట్లు. పళ్ళెం నిమిషానికి 3600 సార్లు, సెకనుకు 60 సార్లు తిరుగుతుంది. చుట్టుకు 17 సెక్టార్లు, అంటే 8,704 బైట్లు. 60తో గుణిస్తే సెకనుకు 5,22,240 బైట్లు. ఫ్లాపీ కన్నా 11 రెట్లు ఎక్కువ. కానీ ఎక్స్‌టీలో ఈ వేగం ఎవరికీ అందలేదు.

ఎందుకో చెప్పాలంటే తిరునాళ్ళలో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. పదిహేడు కుర్చీలు తిరుగుతున్నాయి, ఒక్కో కుర్చీలో ఒక పిల్లవాడు. మీరు కింద నిలబడి ఒకటో నంబరు పిల్లవాణ్ణి దించుకోవాలి, వాణ్ణి వాళ్ళమ్మకి అప్పగించి వచ్చి రెండో నంబరు వాణ్ణి దించుకోవాలి. మీరు వచ్చేసరికి రెండో కుర్చీ దాటిపోయింది. మళ్ళీ అది తిరిగి వచ్చేదాకా పూర్తి చుట్టు ఆగాల్సిందే. ఎక్స్‌టీ పరిస్థితి ఇదే. ఒక సెక్టారు చదివి అందించి వచ్చేలోగా తరువాతి సెక్టారు హెడ్డు కింద నుంచి వెళ్ళిపోయేది. చుట్టుకు ఒక్క సెక్టారే దొరికితే సెకనుకు 60 సెక్టార్లు, అంటే 30,720 బైట్లు. ఫ్లాపీ కన్నా హీనం!

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. కుర్చీల నంబర్లు మార్చేశారు. ఒకటో నంబరు కుర్చీ నుంచి లెక్కపెట్టి ఆరో కుర్చీకి రెండో నంబరు వేశారు. అక్కణ్ణుంచి మళ్ళీ ఆరో దానికి మూడో నంబరు. మీరు ఒకణ్ణి అప్పగించి వచ్చేసరికి సరిగ్గా తరువాతి నంబరు వాడు ఎదురుగా వస్తాడు. దీన్నే ఇంటర్‌లీవ్ అంటారు. ఎక్స్‌టీలో ఇది ఆరుకి ఒకటి. చుట్టంతా చదవడానికి ఆరు తిరుగుళ్ళు పడతాయి, సెకనుకు 87,040 బైట్లు వస్తాయి. ఆ తరువాత వచ్చిన ఐబీఎం ఏటీలో మూడుకి ఒకటి వేస్తే ఈ వేగం రెట్టింపయింది. పళ్ళెం అదే, తీగ అదే, తిరిగే వేగం అదే. కుర్చీలకు నంబర్లు వేసే పద్ధతి వల్లనే మూడు రెట్ల తేడా, ఆరు రెట్ల తేడా వచ్చింది. తీగ మీద రాసిన 5 మెగాబిట్ల అంకెలో ఈ కథ ఎక్కడా కనిపించదు.

మన డిస్కు మొత్తం చదవడానికి ఈ లెక్కన నాలుగు నిమిషాల పైచిలుకు చాలు. కానీ చదివింది ఎక్కడికి పంపాలి? ఆ కంప్యూటరుకు యూఎస్‌బీ లేదు, నెట్‌వర్కు లేదు. ఉన్నది సీరియల్ పోర్టు ఒక్కటే. దాన్ని 9600 వేగంతో నడిపితే, బైటుకు ముందొకటి వెనకొకటి అదనపు బిట్లు కలిపి 10 బిట్లు కాబట్టి, సెకనుకు 960 బైట్లు వెళతాయి. రెండు కోట్ల పద్నాలుగు లక్షల బైట్లు పంపడానికి ఆరు గంటల పైన. నాలుగు నిమిషాల్లో తోడిన నీళ్ళను ఆరు గంటలు చెంబుతో మోసినట్టు. ఏ పనిలోనైనా అన్నిటికన్నా మందకొడిగా నడిచే మెట్టే మొత్తం సమయాన్ని నిర్ణయిస్తుంది.

మెదడు ఎక్కడ ఉంది?

వేగం కన్నా ముఖ్యమైన తేడా ఒకటి ఈ ఎక్స్‌టీ డిస్కులో ఉంది. దాని తీగ మీద నడిచేది అయస్కాంతపు పొంగుల నుంచి వచ్చిన పచ్చి సంకేతం. దాన్ని బైట్లుగా అర్థం చేసుకునే పని కార్డుది. ఒక కంపెనీ కార్డు రాసిన డిస్కును ఇంకో కంపెనీ కార్డు చదవలేకపోవడం మామూలే. అందుకే 1989 నాటి మన పెద్దలెవరో డిస్కుతో పాటు కార్డు కూడా అదే పెట్టెలో దాచడం ఎంత ముందుచూపో చెప్పలేను. ఆ కార్డే లేకపోతే ఆ డిస్కు బరువైన ఇనుప పెట్టె మాత్రమే.

1986 ప్రాంతాల్లో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ కంపెనీలు కలిసి ఆ మెదడును కార్డు మీద నుంచి తీసి డిస్కు ఒంటి మీదే పెట్టాయి. అదే ఐడీఈ. ప్రామాణికంగా దాని పేరు ఏటీఏ. ఇక తీగ మీద పచ్చి సంకేతాల బదులు శుభ్రమైన బైట్లు నడిచాయి. ఈ మార్పు వల్ల రెండు లాభాలు వచ్చాయి. తీగ వేగం పెంచుకుంటూ పోవడానికి దారి దొరికింది. ఏ కంప్యూటరుకు తగిలించినా డిస్కు తన సంగతి తానే చెప్పుకోగలిగింది. పాతికేళ్ళ తరువాత మనల్ని ఆదుకుంది ఈ రెండో లాభం.

ఐడీఈలో వేగాల నిచ్చెన ఇలా ఉంది. పీఐఓ అనే పద్ధతిలో సెకనుకు 3.3 మెగాబైట్లతో మొదలై 5.2, 8.3, 11.1, 16.7 దాకా వెళ్ళింది. పీఐఓలో ప్రతి బైటునూ ప్రాసెసరే స్వయంగా మోయాలి. యజమానే బస్తాలు మోస్తుంటే కొట్లో లెక్క ఎవరు చూస్తారు? ఆ తరువాత అల్ట్రా డీఎంఏ వచ్చి మోత పని ప్రాసెసరు నెత్తి మీద నుంచి దించింది. 33, 66, 100, చివరికి 133. 66 దగ్గర తీగ మార్చాల్సి వచ్చింది. కనెక్టరుకు 40 పిన్నులే, కానీ పట్టీలో తీగలు 80. కొత్తగా చేరిన 40 తీగలూ ఏ సమాచారం మోయవు. పక్క తీగల మాట ఒకదాని చెవిలో ఇంకొకటి పడకుండా మధ్యలో గోడల్లా నిలబడతాయి, అంతే.

పైపు ఇలా వెడల్పవుతుంటే మోటారు ఏం చేసింది? మన 4.3 గిగాబైట్ల డిస్కు మీద 33 అని ఉంది. నేను కొలిస్తే పళ్ళెం నుంచి వచ్చింది సెకనుకు 10 మెగాబైట్ల చుట్టుపక్కల. పళ్ళెం బయటి అంచులో చుట్టు పొడవు ఎక్కువ కనుక ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. ఆ లెక్కన డిస్కంతా ఏడెనిమిది నిమిషాలు.

అది కూడా మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివితేనే. డీటీపీ డిస్కులో చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటాయి. ఒక్కో ఫైలు కోసం హెడ్డు జరగడానికి, పళ్ళెం తిరిగి సరైన చోటు ఎదురు రావడానికి కలిపి సెకనులో వెయ్యోవంతులు పదిహేను పడతాయనుకోండి. సెకనుకు అరవై ఐదు చోట్లకు మించి వెళ్ళలేదు. చోటుకు 4 కిలోబైట్లు దొరికితే వేగం 260 కిలోబైట్లకు పడిపోతుంది. అందుకే పాత డిస్కు చేతికొస్తే ఫైళ్ళు ఒక్కొక్కటీ కాపీ చెయ్యకుండా మొదట డిస్కు మొత్తాన్నీ ఒకే ప్రతిగా తీసుకుంటాం. వేగానికి వేగం, ముసలి డిస్కుకు శ్రమ తక్కువ.

స్కజీ, సాటా, యూఎస్‌బీ

ఇదే కాలంలో పెద్ద సర్వర్లలో, యాపిల్ మెకింతోష్‌లలో స్కజీ నడిచింది. 1986లో ప్రామాణికమైంది. మొదట సెకనుకు 5 మెగాబైట్లు, తరువాత 10, 20, 40, 80, 160, 320. ఈ అంకెలు చూసి స్కజీ డిస్కు ఒక్కటే అంత ఇస్తుందనుకునేవారు. నిజానికి మొదటి తరంలోనే ఒకే తీగ మీద ఏడు పరికరాలు తగిలించుకోవచ్చు. పైపు వెడల్పు అందరికీ కలిపి. బ్యాంకుల్లో, ప్రెస్సుల్లో నాలుగైదు డిస్కులు ఒకేసారి పనిచేసేచోట దాని విలువ తెలిసేది. ఇంట్లో ఒక్క డిస్కు పెట్టుకున్నవాడికి ఐడీఈ చాలు, ధరా తక్కువే.

2003 ప్రాంతంలో సాటా మార్కెట్లోకి వచ్చింది. 80 తీగల పట్టీ పోయి ఏడు తీగల సన్న కేబులు వచ్చింది. తీగలు తగ్గితే వేగం ఎలా పెరిగిందని చాలామంది అడుగుతారు. మన బడి ఆటల పోటీల్లో మూడుకాళ్ళ పందెం చూశాం కదా. ఇద్దరి కాళ్ళు కలిపి కడితే ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి. ఐడీఈలో పదహారు బిట్లు పదహారు తీగల మీద చేతులు పట్టుకుని పరిగెత్తేవి. వేగం పెరిగేకొద్దీ ఒకటి ముందు, ఒకటి వెనక అయ్యేవి. చివరిది వచ్చేదాకా మిగతావి ఆగాలి. ఆ కట్లు విప్పేసి ఒక్క పిల్లవాణ్ణే పరిగెత్తించడం సాటా చేసిన పని. వేగం 150 నుంచి 300కి, 600కి పెరిగింది. తిరిగే పళ్ళేల డిస్కులు ఇప్పటికీ ఆ 600ని నింపలేదు. పళ్ళెం లేని ఎస్ఎస్‌డీలు వచ్చాకే ఆ పైపు నిండింది.

యూఎస్‌బీ 1.1 సెకనుకు 12 మెగాబిట్లు. నికరంగా ఒక మెగాబైటు అందితే గొప్ప. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0కి కాగితం మీద 60 మెగాబైట్లు, చేతికొచ్చేది ముప్ఫై నలభై. మన పాత ఐడీఈ డిస్కు పది ఇస్తుంది గనక దాన్ని యూఎస్‌బీ 2.0 అడాప్టరుతో లాప్‌టాప్‌కు తగిలిస్తే ఏ నష్టమూ లేదు. పాత డిస్కు కోసం ఖరీదైన అడాప్టరు కొనమని ఎవరైనా చెబితే ఈ లెక్క చెప్పండి.

ఒకే తూకం

ఇవన్నీ ఒకే తూకంలో వేసి చూద్దాం. 600 మెగాబైట్ల సమాచారం, అంటే దాదాపు ఒక సీడీ నిండా, ఒక్కో దారిలో తేవడానికి ఎంతసేపు? చెప్పిన వేగం పూర్తిగా అందిందనుకుంటే:

సీరియల్ పోర్టు, 9600 వేగం: ఏడు రోజుల పైన
1.44 ఫ్లాపీలు: 407 ఫ్లాపీలు, చదవడానికే 3 గంటల 37 నిమిషాలు
ఎక్స్‌టీ డిస్కు, ఆరుకి ఒకటి: 1 గంట 55 నిమిషాలు
మొదటి తరం సీడీ డ్రైవు, సెకనుకు 150 కిలోబైట్లు: 1 గంట 5 నిమిషాలు
యూఎస్‌బీ 1.1, నికరంగా 1 మెగాబైటు: 10 నిమిషాలు
మొదటి తరం స్కజీ: 2 నిమిషాలు
ఐడీఈ, పీఐఓ 16.7: 36 సెకన్లు
అల్ట్రా డీఎంఏ 33: 18 సెకన్లు
అల్ట్రా డీఎంఏ 100: 6 సెకన్లు
సాటా మొదటి తరం: 4 సెకన్లు
సాటా మూడో తరం: 1 సెకను

ఏడు రోజుల నుంచి ఒక్క సెకనుకు. మనం బడి వదిలినప్పటి నుంచి మన పిల్లలు ఉద్యోగాల్లో చేరేలోగా జరిగిన మార్పు ఇది.

పెట్టె ఫలితం

ఇక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. ఎక్స్‌టీ డిస్కు తిరిగింది. చెవులు చిల్లులు పడే మోతతోనే అయినా పూర్తిగా చదివింది. 1989 నాటి సభ్యుల జాబితా అక్షరం పోకుండా వచ్చింది. ఈ సంచికలో అచ్చయింది చూడండి. ఐడీఈ డిస్కు ఏ పేచీ లేకుండా ఎనిమిది నిమిషాల్లో మొత్తం ఇచ్చేసింది. ఫ్లాపీలు 48లో 41 పూర్తిగా వచ్చాయి, 5 కొంతమేర వచ్చాయి, 2 అసలు రాలేదు.

చెయ్యిచ్చింది సీడీ. నాలుగింటిలోకీ వయసులో చిన్నది. వేగంలో కూడా, 52ఎక్స్ డ్రైవులో పెడితే బయటి అంచు దగ్గర సెకనుకు 7.8 మెగాబైట్లు ఇవ్వాల్సిన సరుకు. సీడీని లోపలి నుంచి బయటికి రాస్తారు. సీడీ-ఆర్‌లో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. ఆ పొర వెలిసిపోయినా, పైన వెండి పూత లేచినా చదివే లేజరుకు ఏమీ కనిపించదు. మన సీడీలో లోపలి సగం వచ్చింది. బయటి సగంలో ఉన్న ఫొటోలు రాలేదు. రజతోత్సవం నాడు గురువులందరూ కలిసి తీయించుకున్న ఫొటో ఆ సగంలోనే ఉంది. ఆ ఫొటోలో ఉన్న మాస్టార్లలో చాలామంది ఇవాళ మన మధ్య లేరు.

నా వృత్తిలో ఇది మళ్ళీ మళ్ళీ చూశాను. ఇంటర్‌ఫేస్ వేగం చెప్పేది సమాచారం ఎంత తొందరగా వస్తుందో మాత్రమే. అసలు వస్తుందా రాదా అన్నది ఆ అంకెలో ఉండదు. రాలేని స్థితిలో ఉన్న ఒక్క సెక్టారు మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది. 32 సెకన్ల ఫ్లాపీ, డ్రైవు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం వల్ల, అరగంట తిన్నది కూడా ఉంది. ఆ ప్రయత్నాల్లోనే బలహీనంగా ఉన్న పూత గీరుకుపోవచ్చు. అందుకే బాగున్న భాగాలన్నీ ముందు తీసుకుని, మొరాయించే చోట్లను ఆఖరికి వదలాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది.

మీ ఇళ్ళలో ఇలాంటివి ఉంటే కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఫ్లాపీ మూల ఉన్న చిన్న పలకను జరిపి, రాత కుదరకుండా రంధ్రం తెరిచి పెట్టండి. డిస్కు తగిలించగానే ఫార్మాట్ చెయ్యాలా అని కంప్యూటరు అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. టకటకమని శబ్దం చేసే డిస్కును మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి. పాత డిస్కుతో పాటు కార్డు, తీగ, అడాప్టరు ఏది దొరికితే అది కలిపి దాచండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు మూడున్నర అంగుళాలవే చదువుతాయి. ఐదుంపావు అంగుళాల వాటికి పాత డ్రైవే వెతుక్కోవాలి. తెలుగు డీటీపీ ఫైళ్ళు ఉంటే వాటి ఫాంట్లు కూడా కాపీ చేసుకోండి. పేజ్‌మేకర్‌లో అప్పటి తెలుగు ఫాంట్లతో కొట్టిన పేజీలు యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు లేకపోతే బైట్లన్నీ క్షేమంగా వచ్చినా తెర మీద కనిపించేది ఇంగ్లీషు అక్షరాల కిచిడీ. రజతోత్సవ సంచిక పేజీలు మనం చదవగలిగామంటే ఆ ఫాంట్లు ఐడీఈ డిస్కులో ఉండబట్టే.

తీసుకున్న ప్రతిని ఒక్కచోటే ఉంచకండి. మన పెట్టెలోదంతా ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఒకటి బడి ఆఫీసులో, ఒకటి సంఘం కార్యదర్శి దగ్గర, ఒకటి మన సభ్యులు ఒకరి దగ్గర హైదరాబాదులో. అంతా కలిపి ఐదు గిగాబైట్లు లేదు. వేలెడంత పెన్‌డ్రైవులో పట్టింది.

చివరిగా మిమ్మల్ని అడిగేవి రెండు. ఈ రోజు సాయంత్రం ఐదింటిదాకా, మళ్ళీ రేపు ఉదయం, తొమ్మిదో తరగతి బి సెక్షను గదిలో నేనూ, ఇద్దరు కుర్రాళ్ళూ పాత డ్రైవులన్నీ పెట్టుకుని కూర్చుంటాం. మీ దగ్గర ఉన్న ఫ్లాపీ, సీడీ, డిస్కు ఏదైనా తెండి. ఫ్లాపీకి ఒక నిమిషం, డిస్కుకు పది నిమిషాలు. దూరం నుంచి వచ్చి వస్తువు వెంట తేనివాళ్ళు అక్కడి రిజిస్టరులో పేరు రాస్తే, ఎలా ప్యాక్ చేసి పంపాలో చెబుతాం.

రెండోది, ఆ గురువుల ఫొటో. రజతోత్సవం నాడు దాని కాగితం ప్రతులు అడిగిన వారందరికీ పంచారని పెద్దలు చెబుతున్నారు. మీ ఇంటి ఆల్బములో, బీరువా అడుగున, అమ్మానాన్నల ట్రంకు పెట్టెలో ఎక్కడైనా ఉందేమో ఇంటికి ఫోను చేసి అడగండి. ఆ గదిలో స్కానరు కూడా ఉంటుంది. ఒక్క ప్రతి దొరికినా చాలు, వచ్చే సంచికలో అందరి చేతికీ అందుతుంది.